మైనపు దిమ్మకు బొట్టు

మా అమ్మ ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువునైనా ముందు దేవుని గూట్లో ఉంచి బొట్టు పెడుతుంది. మగ్గం దిగిన పట్టుచీర సరే, మిక్సీకీ నా సెల్‌ఫోనుకూ కూడా మినహాయింపు లేదు. ఫోను స్పీకరులో కుంకుమ ఇరుక్కుని, చాలా రోజులు అందరి గొంతులూ జలుబు చేసినట్టు వినిపించాయి. అలాంటి మనిషి తన పేగు ముక్కకు బొట్టు పెట్టిందంటే నేను ఆశ్చర్యపోకూడదు. అయినా ఆ ఉదయం ధర్మవరంలో నేను వేసిన కేక వీధి చివరిదాకా వినిపించిందట.

హిందూపురంలో అమ్మకు ఆపరేషన్ చేసి పెద్దపేగులోని గడ్డ తీసేశారు. అది క్యాన్సరే. కుట్లు విప్పిన రోజు డాక్టరు మరో పరీక్ష కూడా చేయిద్దామన్నారు. మన కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. గడ్డలో అది తగ్గిపోతే కణాలు పట్టు వదిలి కాలేయానికో ఊపిరితిత్తులకో బయలుదేరే అవకాశం ఎక్కువ. తగ్గకుండా ఉంటే కొంత ధైర్యం. "ఇదొక్కటే ఏదీ తేల్చదమ్మా, మిగతా రిపోర్టులతో కలిపి చూస్తాం" అన్నారాయన. బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకంతా అర్థమైంది. అర్థమయ్యే భయమేసింది. జబ్బు మళ్ళీ వస్తుందా రాదా అన్నది అప్పట్లో మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగని ప్రశ్న.

గడ్డ ముక్కను అగ్గిపెట్టెలో సగం కూడా లేని మైనపు దిమ్మలో ఉంచి, డబ్బాలో పెట్టి మా చేతికిచ్చారు. మర్నాడు రైల్లో బెంగళూరు ల్యాబుకు నేనే తీసుకుపోవాలి. ఇంటికి వెళ్ళే బస్సు పెనుకొండ దాటకముందే అమ్మ ఆ డబ్బా మూత పదేపదే తీసి చూసింది.

"ఇదేనా మే నన్ను ఇంత సతాయించింది? గోరంత కూడా లేదే!"

"అది ముక్కేనమ్మా. ముందు మూత పెట్టు."

"నాదే కదా, చూసుకోకూడదా ఏంది?"

పక్క సీటావిడ తొంగిచూసి అదేమిటని అడిగింది. "నా పేగు" అంది అమ్మ, జామకాయలు అన్నంత మామూలుగా. ఆవిడ వెంటనే వేరే సీటు వెతుక్కుంది.

తెల్లారి చూస్తే దిమ్మ దేవుని గూట్లో దీపం పక్కన ఉంది. ఒక మూల మైనం కరిగి కారింది. పైన ఎర్రగా కుంకుమ.

"ఏం చేసినావమ్మా! ఇంక పరీక్ష యాడ చేస్తారు?"

"అరవద్దు మే. దేవుని ముందర పెడితే తప్పా?"

"దేవుడితో కాదు, దీపంతో వచ్చింది తంటా!"

రైల్లో దారి పొడుగునా అమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను. ముక్క పాడైపోతే మేము అడగలేని ప్రశ్నకు జవాబు చెప్పేదెవరు? ల్యాబులో ఒకాయన దిమ్మను వెలుతురుకెత్తి చూశాడు.

"లోపలి ముక్కకేమీ కాలేదు మేడమ్. మళ్ళీ మైనం పోస్తాం. పైన ఈ ఎరుపేంటి?"

"కుంకుమండి."

"రంగులు మేమే వేస్తాం, మీకెందుకంత శ్రమ?"

ప్రాణం లేచి వచ్చి, ఆయనతో పాటు నేనూ నవ్వేశాను.

రిపోర్టు వచ్చాక హిందూపురం డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ల్యాబులో వేసిన రంగు పట్టి గడ్డలోని కణాల అంచులు చాలావరకు గోధుమరంగులో తేలాయి, అంటే ఆ ప్రోటీన్ నిలిచే ఉంది. మిగతా రిపోర్టులూ ఫరవాలేదు. "మంచి గుర్తే, కానీ హామీ కాదు. చెకప్‌లు మానొద్దు" అన్నారు. అమ్మ బుద్ధిగా తలాడించింది.

బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాక నా కోపం మళ్ళీ గుర్తొచ్చింది.

"దేవునికి దండం పెట్టుకుంటే సరిపోయేది కదమ్మా. ఆ ముక్కకు బొట్టెందుకు?"

"దేవునికని పెట్టలా మే" అంది అమ్మ, రోడ్డు వైపు చూస్తూ. "అది ఇన్నాళ్ళు నా కడుపులో ఉండి పోతాండాది. ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టి కదా సాగనంపుతాం."

అమ్మ గొంతు తగ్గించింది.

"ఎవరినైనా పోయిరా అంటాం కదా. దాన్ని మాత్రం అట్ల అనలా. పో అంటి, అంతే."