మా గోనె చూసి

నిన్న మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి ఫోనుకు ఒక బొమ్మ పంపింది. అన్నీ చుక్కలు, చుక్కల మధ్య బాణాలు. ఒక్కో చుక్క మా ఊళ్లో ఒక్కో ఇల్లట. ఎవరు ఎవర్ని చూసి నిర్ణయం తీసుకుంటారో బాణాలు చెబుతాయట. అన్నిటికన్నా పెద్ద చుక్క మా ఇల్లు. "నా థీసిస్‌లో ఎక్కినావు పెద్దమ్మా" అని కింద రాసింది. ఇంకెవరైనా అయితే మురిసిపోయేవాళ్లు. నేను ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను.

కొన్నేళ్ల కింద ఆ పిల్ల సెలవులకు వచ్చి దేశనూరులో మా ఇంట్లోనే ఉంది. మావి కాలువ చివరి పొలాలు. రెండో పంటకు నీళ్లు వదులుతారో లేదో కాలువ ఆఫీసు వాళ్లు ఇంకా చెప్పలేదు. ఈవిడేమో నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "నారు పోసే ముందు ఎవర్ని చూస్తారు?" అని అడిగేది. కొందరు ఒక్క ఇంటిని చూసి కదులుతారు, కొందరికి నాలుగిళ్లు కదలాలి. ఎవరికెన్నో తెలిస్తే ఊరు ఎప్పుడు ఒక్కసారిగా కదులుతుందో లెక్క కట్టొచ్చని దాని చదువు. మగవాళ్లంతా మీసం మీద చెయ్యేసి "నేనెవర్నీ చూడనమ్మా" అనేవాళ్లు. అది గడప దాటేలోపు, "అయినా మీ పెద్దమ్మ వాళ్లేం చేస్తాండారు?" అనేవాళ్లు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. పాత విత్తనం మొలుస్తుందో లేదో చూద్దామని నేను వడ్లు నానబెట్టాను. దానికి గుప్పెడు చాలు. నా చెయ్యి పెద్దది, వంటకైనా వడ్లకైనా అంతే. అర బస్తా నానేసి, గోనెలో కట్టి, నీళ్లోడుతుండగా వీధి అరుగు మీద పెట్టాను. మరునాటి సాయంత్రానికి వీధంతా నానిన వడ్ల వాసన. పిల్ల హుషారుగా వడ్లు నానేసిన ఇళ్లు లెక్కపెట్టుకుంటోంది. "మొదట ఎవరు నానేశారే?" అన్నాను. "నువ్వే పెద్దమ్మా" అంది. మొలకెత్తిన విత్తనం ఆగదు. మడిలో పడాలి, లేదా పాడవ్వాలి. నీళ్లు రాకపోతే ఇన్నిళ్ల విత్తనం నా వల్ల మట్టిపాలు!

ఎదురింటాయన దగ్గరికి పరుగెత్తాను. "మొలక చూద్దామని నానేసినానప్పా, నాకే కబురూ రాలేదు" అన్నాను. అతను నవ్వాడు.

"బలేదానివక్కా! మొలక చూసేదానికి అర బస్తా ఎవరన్నా నానేస్తారా? మీరొక్కరే నారు పోసుకోవల్లనా ఏంది?"

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"మాట నమ్మరు పెద్దమ్మా, చేసేది చూస్తారు" అంది పిల్ల. మర్నాడు పొద్దున్నే, వీధిలో అందరూ చూస్తుండగా, తెల్లగా మొలకలేసిన ఆ వడ్లను బర్రెల ముందు కుమ్మరించాను. "రేపు నీళ్లొస్తే ఊరికేం చెప్తావు?" అన్నాడు మా ఆయన. నా భయమూ అదే. మధ్యాహ్నానికల్లా మిగతా ఇళ్లవాళ్లు నానిన వడ్లు తీసి ఎండబోసుకున్నారు. నాలుగు రోజులు పొద్దున్నే లేచి కాలువ చూసొచ్చాను. ఐదోనాడు కాలువ ఆఫీసు వాళ్లు ఈసారి నీళ్లు లేవని చెప్పేశారు.

హమ్మయ్య అనుకునేలోపే ఎదురింటాయన వచ్చి చేతులు జోడించాడు. "నీకు ముందే తెలుసక్కా. చెప్పకుండా చెప్పినావు." కాదు మొర్రో అంటే వింటేనా!

ఈ ఏడూ అడిగాడు, రెండో పంటకు ఏం చేస్తాండావక్కా అని. "నాకు తెలీదప్పా" అన్నాను. నా మొహంలోకి నిదానంగా చూశాడు, తలూపాడు, అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాడు: "ఈసారికి వద్దప్పా. అక్క తెలీదంటాంది." ఒక్కనాడు తెలిసినదానిలా కనబడ్డాను, నాకేమీ తెలియదని నమ్మించడానికి ఇన్నేళ్లూ చాలలేదు.