మేస్త్రీ తిరిగిన ఊరు

సౌదీలో, రాస్ తనూరా కూలీల క్యాంపులో నా పక్క మంచం ఒక తాపీ మేస్త్రీది. జగిత్యాల వైపు మనిషి. యుద్ధం మొదలవగానే వెళ్లిపోయిన జర్మన్ ఇంజనీరు, తన సొంతూరి పటం ఒకటి ఆయనకిచ్చి పోయాడు. ఊరు చూడవచ్చేవాళ్ల కోసం బొమ్మలతో వేసిన పటం: చుట్టూ పాత కోటగోడ, మధ్యలో గడియారపు బురుజు, వాగు ఒడ్డున ఒక బెంచీ.

మేస్త్రీ దాన్ని మంచం పక్క గోడకు అతికించాడు. ప్రతి శుక్రవారం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని ఆ ఊరు చూడ్డానికి బయలుదేరేవాడు. నడిచేది చూపుడువేలు. కోటగోడ రాగానే, పనిలో కొత్త గోడను తట్టినట్టే, వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. "గట్టిగున్నది తమ్మీ," అనేవాడు. చివరికి వేలు బెంచీ మీద చాలాసేపు ఆగేది.

క్షిపణుల సైరన్ మోగిన రోజు అందరం తలుపు దగ్గర గుమిగూడాం. పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి రప్పించిన కఫీల్ దగ్గరున్నాయి, ఎక్కడికీ పోలేం. మేస్త్రీ మాత్రం మంచం దిగలేదు.

"అన్నా, భయం లేదా?"

"ఉన్నది. గందుకే గీడ కూసున్న," అన్నాడు, బెంచీ మీంచి వేలు తీయకుండా. "నువ్వు సుత రా తమ్మీ, జాగ ఉన్నది."

నేను నవ్వేసి తలుపు దగ్గరికే పోయాను.

యుద్ధం ముగిశాక ఆయన దేశం విడిచేందుకు ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోయాడు. పటం నాకు వదిలాడు. ఆ శుక్రవారం నేనూ స్నానం చేసి, వేలితో బయలుదేరాను. బురుజు దాటి, గోడ తట్టి, వాగు దగ్గరికి చేరాను. బెంచీ లేదు. అక్కడ కాగితం అరిగి చిల్లు పడింది. అందులోంచి మా గది చెక్కగోడ కనిపిస్తోంది.