అమ్మోరి ముందు పిలవని ఇల్లు

చౌక్తడా పేటలో ఒక ట్యూషన్ సెంటర్లో చరిత్ర చెబుతాను. ఈ ఏడు పాఠం ఆఫ్రికా దక్షిణ భాగంలో, తెల్లవాళ్లు రాకముందున్న రాజ్యాల గురించి. అక్కడ నాయకుడి బలమంతా మనుషులే. అతను నచ్చకపోతే జనం పశువుల్ని తోలుకుని ఇంకో నాయకుడి దగ్గరికి వెళ్లిపోయేవారు. ఇవి చాలావరకు రాసిపెట్టిన సంగతులు కావు, పెద్దలు నోటితో అప్పగించిన వంశావళుల్లోవి. వాటిలో వెళ్లిపోయినవాళ్ల పేర్లు తరచు జారిపోతాయి. ఈ ముక్క చెబుతూ బోర్డు వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను. టీచరుకు జలుబు చేసిందనుకున్నారు పిల్లలు.

మావాళ్లు ఓడరేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో సముద్రం దాటి ఈ దేశం వచ్చారు. ఒక్కో మేస్త్రీ కింద ఒక్కో జట్టు. ఇప్పుడు ఒకరిది పబేడాన్ పేటలో కొట్టు, ఒకరిది టాక్సీ. అయినా అమ్మోరి పండగనాడు అందరూ చేరతారు. ఘటం ఎత్తేముందు మా జట్టు ఇళ్లను వరసగా పిలవాలి, ఆ ఇంటివాళ్లు "ఉన్నాం" అని పలకాలి. ఆ పిలుపు మా మేనత్తది. వరసంతా ఆవిడ నోట్లోనే ఉండేది.

మా అమ్మ పుట్టింటిని మాత్రం ఎన్నడూ పిలవలేదు. మేస్త్రీతో పడక తాత ఇంకో జట్టులో చేరాడట. ఆ ఇంటికి ఇప్పుడు మిగిలింది అమ్మ ఒక్కతే. అయినా ఏటా పిలుపులన్నీ అయ్యేదాకా కొంగు బిగించుకుని నిలబడేది. చూస్తే నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

ఈసారి అత్తకు గొంతు రాసిపోయి, పిలుపు నాకప్పగించింది. వరస నేర్చుకోవడానికి లమ్మడా పేటలో ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు అడిగాను.

"మాయమ్మోల్ల ఇల్లు కూడా పిలవనా అత్తా?"

"మాయమ్మ నేర్పినట్టు నాను పిలిసినాను. ఇప్పుడు నోరు నీది," అంది అత్త.

ఆ మేస్త్రీ మనవడే ఇప్పుడు పండగ పెద్ద, నాకు వరసకు పెదనాన్న. అక్కడే టీ తాగుతున్నాడు.

"ఏటమ్మా, వొగ్గేసి ఎల్లిపోయినోల్ల ఇల్లు మన ఇల్లెలాగవుద్ది?"

"మీ తాత సరిగ్గా సూసుకుంటే మా తాత ఎందుకెల్లిపోతాడు పెదనాన్నా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయన టీ సగంలో వదిలేసి చెప్పులేసుకున్నాడు. ఆయన చెయ్యి వెయ్యనిదే ఘటం లేవదు. నా నోటిదురుసుకు అమ్మ ఆశ కాస్తా పోయిందనుకున్నాను.

పండగ రోజు వరసంతా పిలిచాను. మామూలుగా చివరి ఇల్లు పలకగానే ఆయన ఘటం మీద చెయ్యి వేస్తాడు. ఈసారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నావైపు చూడలేదు. మోసేవాళ్లు ఆయన మొహం కేసి చూస్తున్నారు. ఆయన ఎదురుచూస్తున్నది నాకోసమని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

తాత ఇంటిపేరు ఎత్తుకున్నాను. సగం నా నోట్లో ఉండగానే అమ్మ గొంతు వినబడింది.

"ఉన్నాం."