హిగ్స్ లెక్కలో రెండో సగం

నేను ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫ్ రీడర్‌గా రిటైరయ్యాను. అక్కడ మా పద్ధతి ఒకటే. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, రెండోవారు అచ్చు కాగితం చూస్తూ దిద్దాలి. చదివేవాడు అర్థం వెతకకూడదు, కలం పట్టకూడదు. మా కోడలి పరిశోధనకు నేను పనికొచ్చింది ఆ అలవాటు వల్లనే.

ఆమె భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ ఇచ్చేముందు జరగాల్సిన సెమినార్ ఆ మధ్యాహ్నమే. తన పని గురించి నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతి కణానికీ ఇంకా కనిపించని జోడీ ఒకటి ఉంటుందనేది సూపర్‌సిమెట్రీ. న్యూట్రినో అనే కణానికి ఉన్న అలాంటి జోడీయే విశ్వంలోని డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించని పదార్థం, అని ఆమె నమూనా. న్యూట్రినో బరువు అంత తక్కువ ఎందుకో కూడా అదే చెబుతుంది. అది నిజమైతే హిగ్స్ కణం అప్పుడప్పుడు అలాంటి రెండు కణాలుగా విడిపోయి యంత్రాలకు చిక్కకుండా పోవాలి. ఎంత తరచుగా పోవచ్చో ప్రయోగాలు ఒక హద్దు గీశాయి. ఆమె లెక్క ఆ హద్దుకు కాస్త కిందే ఉంది. దాటితే నమూనా పోయినట్టే.

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె, ప్రోగ్రామ్‌కు ఇచ్చే సూత్రాలు రాసిన కాగితాలతో నేను, ఎదురెదురుగా కూర్చున్నాం.

"ముందర ఒకటి బై రెండు," అని చదివాను.

"ఉన్నది."

తర్వాతి గుర్తుకు వెళ్లబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగుండ్రి మామయ్యా. జెర మళ్ల చదువుండ్రి."

మళ్లీ చదివాను. ఆమె తెర మీద ఏదో పైకీ కిందికీ వెతుకుతోంది. తర్వాత వేళ్లు ఆగిపోయాయి.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏందీ, కండ్లకు కనవడని దానికోసం కండ్ల ముందరి అన్నం చల్లార్చుకుంటున్నరు?"

కోడలు ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది.

"విడిపోయి వచ్చేటియి రెండూ ఒకటే తీరు కణాలు మామయ్యా," అంది కోడలు మెల్లగా. "ఏది ఏదో చెప్పలేం. అందుకే సగం చెయ్యాలె. నేను చేసిన. ఈ ప్రోగ్రామ్ సుత లోపల తనంతట తనే చేస్తది. రెండుసార్లు సగమైంది."

"అంటే?"

"అసలుది దీనికి డబుల్. హద్దు దాటింది."

"హిగ్స్‌తో ఆ కణం బంధం కొంచెం తగ్గిస్తే విడిపోవడమూ తగ్గదా?"

"తగ్గిస్తే డార్క్ మ్యాటర్ ఉండాల్సినదానికన్న ఎక్కువ మిగులుతది. న్యూట్రినో బరువు సుత తప్పుతది. మూడింటికీ ఒకటే అంకె గదా. అదే గొప్పని రాసుకున్న."

దిద్ది మళ్లీ నడిపింది. రంగుల బొమ్మ నెమ్మదిగా తెర మీదికొచ్చింది. ఇదివరకు నమూనా కుదురుతుందని నీలంగా నిండి ఉన్న చోటంతా తెల్లబడింది. కుడివైపు చివర దారమంత చార మిగిలింది.

"అదేంది?"

"మన కణం బరువు హిగ్స్ బరువుల దాదాపు సగముంటే హిగ్స్ విడిపోవుడు కష్టం. అక్కడ తక్కువ బంధంతోనే డార్క్ మ్యాటర్ లెక్క సరిపోతది. న్యూట్రినో బరువు కుదురుతదో లేదో మాత్రం మొత్తం మళ్ల చూడాలె. కుదరకపోవచ్చు."

కాసేపు ఆ చారనే చూసింది. "ఈ ప్రోగ్రామ్ ఎవ్వరూ తెరిచి చూడరు మామయ్యా," అంది.

నా నాలుక చివరిదాకా మాట వచ్చింది. ముద్రణాలయంలో తప్పు దొరికితే నడుస్తున్న యంత్రాన్నయినా ఆపేవాళ్లం. కానీ ఈ థీసిస్ ఆమెది. ఊరుకున్నాను.

గేటు దగ్గర క్యాబ్ హారన్ కొట్టింది. ఆమె ఫోన్ తీసి గైడ్‌కు చేసింది.

"సార్, నా లెక్క తప్పింది. హిగ్స్ విడిపోయే రేటు డబులైంది." చాలాసేపు అవతలి మాట విన్నది. "లేదు సార్, సెమినార్ ఇస్త. తప్పు బొమ్మ సుత పెడ్త. ఎట్ల తప్పిందో చెప్త. థీసిస్ ఇప్పుడే ఇయ్యను."

ఫోన్ బల్ల మీద బోర్లించింది. "అత్తమ్మా, రెండు ముద్దలు పెట్టుండ్రి."

క్యాబ్ ఆగే ఉంది. తిన్నది, చెయ్యి కడుక్కున్నది. నేను జేబులోని ఎర్ర కలం తీసి ఆ కాగితంతోపాటు ఆమె ముందు పెట్టాను. ఆ ఒకటి బై రెండును అడ్డంగా కొట్టేసింది. పక్కన ఎందుకు కొట్టేసిందో రెండు ముక్కల్లో రాసుకుని, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని గేటు వైపు నడిచింది.