నాన్నకు నేను చూసిన మొదటి బీపీ

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఆన్‌లైన్ క్లాసులు మేలా, కాలేజీకి పోవడం మేలా?" అని అడిగితే చాలు, పూనకం వచ్చేది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది. సూరత్‌లో కరోనాకు మూతపడ్డ కాలేజీలు ఇంకా తెరవలేదు, మా పేట బమ్రోలిలో సాంచలు (బట్ట నేసే మరమగ్గాలు) మాత్రం నడుస్తున్నాయి. నాన్న సాంచలు నడిపే కార్ఖానా మీదనే మా గది. పొద్దున్నే నైటీ మీద తెల్లకోటు తగిలించుకుని ఫోన్ ముందు కూర్చుంటే డాక్టరు చదువు దానంతటదే వచ్చేస్తుందని నా ధీమా. (నైటీ కెమెరాకు కనబడదు. కోటు మాత్రం రోజూ ఇస్త్రీ చేసేదాన్ని.)

ఒకరోజు ఫిజియాలజీ మేడం మా అందరి అభిప్రాయం అడిగింది. నేనే ముందు చెయ్యెత్తి, "వీడియోలో అన్నీ వచ్చేస్తున్నాయి మేడం, ఇక క్లాసెందుకు?" అన్నాను. ఆవిడ నవ్వి, "మంచిది బేటా. ఇంట్లో ఎవరిదైనా బీపీ చూసి చెప్పు, అందరం చూస్తాం" అంది.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన నాన్నను ఇనుప బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుని గాలి కొట్టాను. గాలి వదులుతుంటే చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె. ఇది నాకు కంఠతా వచ్చు. రెండు వందల దగ్గరే ఠక్ ఠక్ మొదలైంది. నూట యాభై, నూరు, యాభై... ఆగదే! సున్నాకొచ్చినా మోగుతూనే ఉంది. మళ్లీ చూశాను, అదే తంతు. నాన్న ఇక దక్కడనుకుని క్లాసంతా చూస్తుండగా భోరుమన్నాను.

"ఏందే, గిట్ల ఏడుస్తున్నవ్? నాకేమైంది?" అంటూ నాన్న స్టెతస్కోపు లాక్కుని తన చెవుల్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం విని పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, గిది నా నాడి గాదే! కిందున్న మూడో సాంచ. దినమంతా దాంతోనే ఉంట, నాకు ఎరుక లేదా?"

సాంచ అదురు నేలలోంచి బల్లకూ, బల్లమీంచి నాన్న చేతికీ ఎక్కింది. కొత్తవాళ్లయితే మా గడప దగ్గరే చెవులు మూసుకుంటారు. పుట్టినప్పటి నుంచీ వింటున్న నాకు మాత్రం అలాంటి చప్పుడొకటి ఉందన్న సంగతే గుర్తులేదు. మేడం అందరినీ నవ్వనిచ్చి (తనూ నవ్విందిలెండి), "కాలేజీ తెరిచాక నాన్నగారిని తీసుకురా. అసలు అంకె తెలియాలి కదా" అంది. ఆ మాటతో నా భయం మళ్లీ మొదటికొచ్చింది. అసలు అంకె నిజంగానే ఎక్కువుంటే? కాలేజీ తెరిచేదాకా నాన్న దగ్గినా ఉలిక్కిపడ్డాను.

కాలేజీ తెరిచిన రోజు నాన్న పెళ్లికి పోయేవాడిలా ముస్తాబై ల్యాబుకొచ్చాడు. మేడం నా వేళ్లు పట్టుకుని స్టెతస్కోపును సరైన చోట పెట్టించింది. (నేను ఇంట్లో పెట్టిన చోటు కూడా తప్పేనట!) నూట ఇరవై నాలుగు దగ్గర సన్నగా మొదలైన చప్పుడు ఎనభై దగ్గర ఆగిపోయింది.

"ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు నాన్న.

ఇన్నేళ్లు ఒకే గదిలో ఉన్నా, నాన్న లోపలి చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. "మంచిగున్నది నాన్నా" అని తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. జూనియర్లు "ఆన్‌లైనే హాయి అక్కా" అంటే వాదించను, నవ్వొస్తుంది. అన్నీ తెలుసనుకున్న ఆ పిల్ల (అప్పటి నేనే) ఇప్పుడు ఎదురుపడితే ముందు చెవి మెలిపెడతాను. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగిస్తాను. పాపం, ఆ ఏడుపు మాత్రం నిజం కదా.