గొంతు వినందే మైకివ్వని దేవరాజు

నంద్యాలలో దేవరాజుకు ఉన్న జబ్బు ఒక్కటే. కొనేవాళ్ల గొంతు వినకుండా మైకు అమ్మడు.

కీబోర్డు అడిగితే వెంటనే ఇస్తాడు. మౌసు అడిగితే తల ఎత్తకుండానే ఇస్తాడు. మైకు అన్నారంటే మాత్రం చేతిలో పని ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని, పెళ్లిచూపులకొచ్చిన వరుణ్ణి చూసినట్టు మనిషిని కిందినుంచి పైదాకా చూసి, "కూచో. మాట్లాడు" అంటాడు. ఆ పరీక్ష నెగ్గితేనే మైకు. నెగ్గనివాళ్లకు ఎప్పుడూ ఒకటే తీర్పు: "పొసగదు. బుధవారం రా."

ఇదంతా పాత వృత్తి వల్ల వచ్చిన చాదస్తమని బజారంతా అనుకునేది. కంప్యూటర్లు రాకముందు ఆయనది మైకుసెట్టు వ్యాపారం. పెళ్లిళ్లు, ఉరుసులు, ఎన్నికలు, బండలాగుడు పందేలు... ఆ చుట్టుపక్కల ఆయన రేకు గొట్టాలు కట్టించుకోని వేపచెట్టు లేదంటారు. తర్వాత గొట్టాలను పాతసామాన్లవాడికి వేసేసి, శ్రీనివాస సెంటరు వెనక సందులో కంప్యూటరు సామాన్ల దుకాణం పెట్టాడు. ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. దూరదేశాలకు ఫోను చేస్తే నిమిషం నిమిషానికీ లేచే బిల్లుకు గుండె ఆగేది. కంప్యూటరు వెనక చిన్న మైకు గుచ్చుకుంటే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అందుకే మైకులకు గిరాకీ.

పరీక్షకు ఒక పద్ధతి ఉంది. బల్ల మీద కొంగమెడలాంటి కాడ ఉన్న మైకు పెడతాడు. కొబ్బరి చిప్పలంత హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ప్లైవుడ్డు అడ్డం వెనక్కి పోయి కూర్చుంటాడు. ఇక అక్కడినుంచి ఆయన మాట వినపడడమే తప్ప మనిషి కనిపించడు. "లోపల వినేది మిషిను. నన్ను లెక్కజేయాకు. చెప్పు" అంటాడు. అంకెలు చెప్పకూడదు. అంకెలు ఎవరు చెప్పినా ఒకే మాదిరి వినపడతాయట. ఏదన్నా సంగతి చెప్పాలి.

పాస్టరు మోషే గారు కూర్చుని నోరు తెరవగానే పక్క అంగట్లో టీ గ్లాసులు మోగాయి. దేవరాజు బయటికొచ్చి, అయ్యగారూ, మీకు మైకెందుకు, కిటికీ తెరిచి పిలిస్తే చాలదా అని చేతులు జోడించాడు. బ్యాంకు గుమాస్తా కరుణాకర్‌కు బెంగళూరు అమ్మాయితో సంబంధం కుదిరింది. ఆమెతో మాట్లాడటానికి మైకు కావాలన్నాడు. "మీ గొంతులో బయ్యం ఉండాది. ఈ మైకు దాన్ని ఇంకా పెద్దది జేస్తాది. పొసగదు" అన్నాడు దేవరాజు. కరుణాకర్ భయం పోయేదాకా బుధవారం బుధవారం వచ్చి, తన చిన్నతనం నుంచి అన్నీ చెప్పుకున్నాడు. మైకు చేతికొచ్చే నాటికి పెళ్లే అయిపోయింది.

ముబశ్శిరా ఆ దుకాణం మెట్లెక్కింది కేవలం చవక కోసం. ఆమెది ఆళ్లగడ్డ. సైన్సు డిగ్రీ చదివింది. భర్త ఖలీల్ పత్తి విత్తనాల కంపెనీ పనిమీద టాంజానియా వెళ్లాడు. వెళ్లేముందు ఒక పాత కంప్యూటరు కొనిపెట్టిపోయాడు. అత్తగారు డోన్‌లో పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. కింద ఇంటివాళ్లు పొద్దున్నే చేనుకు పోతే చీకటిపడ్డాకే రావడం. మేడమీది ఆ రెండు గదుల్లో మిగిలేది ముబశ్శిరా, ఆమె పాప, గోడగడియారం.

ఆమె గడియారం చూసి నీళ్లు మరగబెట్టే తల్లి. థర్మామీటరు దిండు కిందే ఉండేది. పాప తుమ్మితే పుస్తకం తీసేది, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని చూసేది. అన్ని భయాల్లోకీ పెద్దది ఇంకొకటి ఉంది. పాపకు రెండేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. డాక్టరు చెవులు పరీక్షించి, చక్కగా వినపడుతోంది, ఇంట్లో పాపతో బాగా మాట్లాడుతుండండి అన్నాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది: తాగు, పడుకో, ముట్టుకోవద్దు. అంతటితో మాటలు అయిపోయేవి. ఖలీల్ ఫోను చేసినప్పుడల్లా పాప ఏమంటోందని అడిగేవాడు. నిద్రపోతోందనేది. ఆ పాప నిద్రపోయినంతగా ఆళ్లగడ్డలో ఏ పిల్లా నిద్రపోలేదు. తండ్రి గొంతు గదిలో మోగితే పాప నోరు తెరుస్తుందేమోనని ఆమె ఆశ. తెరవకపోతే ఇక దాచడానికి నిద్ర కూడా ఉండదని దిగులు.

చవకలో మంచి మైకు కావాలంది. చెవులకు తగిలించుకునేది వద్దు, పిల్ల వైరు లాగుతుంది, బల్ల మీద పెట్టేది తీసుకుంటే ఇద్దరి గొంతూ పడుతుంది, ఖరీదైనదైతే ఫ్యాను రొద కూడా వింటుంది అని దేవరాజు చాలా వివరంగా చెప్పాడు. ఆమెకు ధైర్యం వచ్చి పర్సు తీసింది.

"దుడ్లు లోపల పెట్టు. కూచో. మాట్లాడు."

పాపను ఒళ్లో పెట్టుకుని ముబశ్శిరా మైకు వైపు వంగి, హలో అంది. ఆగిపోయింది.

"హలో అయింది. ఆమైన ఇంకేంది?" అంది ప్లైవుడ్డు.

ఆమె ఎంత వెతికినా లోపల ఒక్క సంగతీ దొరకలేదు. పక్కనే మంచినీళ్ల కుండ ఉంటే దాన్ని చూసి, కుండ, అంది.

"పొసగదు. బుధవారం రా."

ఆమెకు ఒళ్లు మండింది. మైకులో పొర అదిరితే కరెంటు పుడుతుందని, ఆ పొరకు మనుషుల తేడా తెలియదని, ఇది డిగ్రీలో తాను చదివిన పాఠమని గట్టిగా చెప్పింది.

"నువ్వు చదివింది నిజమేమ్మా. అయినా పొసగదు."

ఇంకో అంగట్లో కొనేస్తే పోయేది. కానీ మంగళవారానికి ఆమె ఒక వింత గమనించింది. కుళాయి దగ్గర ఏదో జరిగితే, ఇది చెప్పొచ్చు అనుకుంటోంది. పొయ్యి దగ్గర దాన్ని మొదలెట్టడం ఎట్లాగో సరిచూసుకుంటోంది. ఆ బుధవారం మైకుకు, ఇంటివాళ్ల బర్రె మేడమెట్లు ఎక్కి దిగడం రాక అరిచిన వైనం చెప్పింది. ప్లైవుడ్డు వెనక ఎవరో పొలమారేదాకా నవ్వారు. తర్వాత, బర్రెను ఎట్ల దించినారని మిషిను అడిగింది. ఆమె చెప్పింది. అయినా పొసగలేదు. కాడ వంకరగా ఉందట.

మరుసటి వారం సంగటి మాడిన కథ, ఆపై వారం డోన్ నుంచి అత్తగారొచ్చి దిండు కింది థర్మామీటరును పెన్ను అనుకున్న కథ. ఒకసారి మైకుకు జలుబు చేసిందన్నాడు దేవరాజు. ఇంకోసారి ఈ మైకు మగవాళ్లదన్నాడు. పాప ఒళ్లో కూర్చుని తల్లి పెదవులనే చూస్తుండేది.

ఒక బుధవారం ముబశ్శిరా దగ్గర తమాషా సంగతులేమీ లేవు. మైకును దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది.

"మా పాపకు మాటలు రాలేదు. వాళ్ల నాయనకు చెప్పలేదు. తప్పు నాదేనేమో అనిపిస్తాది. దినమంతా నేను ఎవురితోనూ మాట్లాడను. నేను మాట్లాడకపోతే అది యాడ నేర్చుకుంటాది?"

దేవరాజు హెడ్‌ఫోన్లు మెడకు దించుకుని బయటికొచ్చి, మైకు పెట్టెలో పెట్టి కట్టాడు.

"ఇది పొసిగింది. తీస్కపో" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఖలీల్ గొంతు ఆ గదిలో మోగింది. ముబశ్శిరా ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలనే మొదలుపెట్టింది. కానీ ముందు బర్రె వచ్చింది, బర్రె వెనక కుళాయి వచ్చింది. ఖలీల్ ఊఁ కొట్టడానికి కూడా సందు దొరకలేదు. పాప బల్ల అంచు పట్టుకుని నిలబడి తల్లిని చూసింది, మైకును చూసింది. కాడ పట్టుకుని లాగింది.

"నాకియ్యి" అంది.

ముబశ్శిరా కథ ఆపేసి పాప ముఖం దగ్గరికి వంగింది. పాప ఈసారి కోపంగా, "మా, నాకియ్యి" అంది. ఖలీల్‌కు ఇవేమీ తెలియవు. "అంతసేపు నువ్వే మాట్లాడితే ఎట్ల? దానికీ ఇయ్యరాదా?" అన్నాడు. "అయినా మనింట్లో ఉర్దూ కదా, ఇది తెలుగులో గద్దిస్తాందేంది? ఎవురు నేర్పినారు?"

ఆ నేర్పిన మనిషి నంద్యాలలో ఉన్నాడని ఆమె బుధవారం పాపనెత్తుకుని మళ్లీ బస్సెక్కింది. దుకాణంలో దేవరాజు లేడు. టీకి పోయినట్టున్నాడు. తెచ్చిన సేమ్యా డబ్బా లోపల పెడదామని ప్లైవుడ్డు వెనక్కి వెళ్లింది. అక్కడ ఒక స్టూలు, గోడకు వేలాడుతున్న హెడ్‌ఫోన్లు, ఒక గోనెసంచి నిండా ఒకే రకం మైకులు. మిషిను లేదు. హెడ్‌ఫోన్ల వైరు పిన్ను దేంట్లోనూ గుచ్చి లేదు. బల్ల మీది మైకు వైరు కూడా చెక్క దాకా వచ్చి ముడిపడి ఆగింది.

దేవరాజు వచ్చేసరికి ఆమె ఆ పిన్ను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆయన దొరికిన దొంగలా టీ గ్లాసు దించాడు.

"ఏందన్నా ఇది?"

"అన్నీ ఒగే మూట్లోవేమ్మా. నువ్వు చదివిందే నిజం."

"మరి నన్నెందుకు తిప్పినావ్?"

దేవరాజు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "దూరమున్నోళ్లతో మాట్లాడాలని మైకు కొంటారు. ఇంటికి పోయినాంక హలో అని ఊరకుంటారు. మాటలు రావు. అంతవరకూ ఎవురితోనూ మాట్లాడుండరు కదా. నాకు చెప్పుకోండి అంటే సిగ్గుపడతారు. మిషిను వింటాదంటే చెప్తారు."

పాప ఆయన టీ గ్లాసు చూసి, నాకియ్యి అంది. దేవరాజు ఆ మాట విని గ్లాసు ఇవ్వబోయి, వేడని గుర్తొచ్చి, ఇవ్వకుండా ఉండలేక, అంగడంతా వెతికి ఒక మౌసు ఇచ్చాడు.

అంతలో మెట్ల దగ్గర దగ్గు వినపడింది. వెలుగోడు నుంచి శ్రీశైలం అనే పెద్దాయన. మనమడు కంప్యూటరు పెట్టించాడట, మైకు కావాలట. దేవరాజు ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి కూర్చోబెట్టాడు. పాపను ఎత్తుకుని, అడ్డం వెనకే కూర్చోమని ముబశ్శిరాకు కంటితో సైగ చేశాడు. ఆమె ఒక క్షణం తటపటాయించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్టూలు మీద కూర్చుంది.

పెద్దాయన మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"వెలుగోడు చెరువుకు నీళ్లొచ్చినాయా పెద్దాయనా?" అంది ముబశ్శిరా.

శ్రీశైలం ఉలిక్కిపడి దేవరాజు వైపు చూశాడు. దేవరాజు తల ఎత్తలేదు.

"మిషినే. కొత్తది తెప్పించినాం. కానియ్యి, చెప్పు."