ఫోను తీగ పీకి ఎంచుకున్న లైబ్రరీ

1999. నారాయణపేటలో ఖాజా సేటు చీరల దుకాణం. బొంబాయి షాపువాళ్లు తమ వెబ్‌సైట్‌లో పెట్టే ఆర్డర్లను రోజూ పొద్దున తెచ్చి చూపే ప్రోగ్రాం రాయమని సేటు నన్ను పిలిపించాడు.

వెబ్‌సైట్‌ను అడిగి పేజీ తెచ్చిపెట్టే కోడ్‌ను హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ అంటాం. ఎవరో రాసిపెట్టిందే తెచ్చుకుంటాం, ఎంచుకోవడమే మన పని. నా దగ్గర రెండున్నాయి. కొత్తదానికి నాలుగు లైన్లు రాస్తే చాలు, చకచకా తెచ్చేస్తుంది. పాతది మహా నస. ఎంతసేపు ఆగాలో, ఇంటర్నెట్ వచ్చే ఫోను లైన్ మధ్యలో తెగితే ఏం చేయాలో అన్నీ దానికి చెప్పుకోవాలి. నా మనసు కొత్తదాని మీదే ఉంది. అయినా తేల్చుకుందామని రెండింటినీ ఒకేసారి నడిపాను.

ఆ పొద్దున కొత్తది "పేజీ వచ్చింది" అంది. అందులో భీమన్న మగ్గానికి ఆకుపచ్చ అంచు అని ఉంది. పాతది మాత్రం ఎర్రర్ చూపించి ఊరుకుంది.

నేత పనివాడు భీమన్న అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నారాయణపేటలో మగ్గానికి నిలువు దారాలు ఒక్కసారే ఎక్కించి, ఆ ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు వరుసగా నేస్తారు. అంచు రంగు తప్పితే ఎనిమిదీ తప్పినట్టే, బొంబాయివాళ్లు ఒక్కటీ తీసుకోరు.

"ఏం రంగో జల్ది చెప్పుండ్రి సేటూ, పొయ్యి మీద రంగుకు నీళ్లు కాగుతున్నయి."

"ఒకటి చెప్తాంది, ఇంకోటి అలిగి కూసుంది. ఏది నమ్మాలె బిడ్డా?" అని సేటు నన్నడిగాడు.

సేటుకు నాకంటే ఉబలాటం ఎక్కువ. "మల్ల నడుపు. ఈసారి లైన్ మనమే తెంపుదాం, ఏది ఏమంటదో చూద్దాం" అంటూ, పేజీ వస్తుండగానే ఫోను తీగ గోడలోంచి పీకేశాడు.

"అయ్యో సేటూ!" అని అరిచాను.

పాతది మళ్లీ ఎర్రర్. కొత్తది నిశ్చింతగా "పేజీ వచ్చింది" అంది. తెరిచి చూస్తే సగమే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇందాక వచ్చిన పేజీ అడుగుకు వెళ్లి చూస్తే అదీ సగమే. పేజీ ఎంత పెద్దదో వెబ్‌సైట్ ముందే చెబుతుంది. అంతా రాలేదని పాతది మొండికేసింది. కొత్తది ఆ సంగతే పట్టించుకోలేదు.

మళ్లీ డయల్ చేశాం. లైన్ తెగుతూ కలుస్తూ, చివరికి పాతది పేజీ ఇచ్చింది. అడుగున మార్పులున్నాయి. భీమన్న చీరలకు ఆకుపచ్చ వద్దు, కుంకుమరంగు వేయండి.

భీమన్న లోపలికి వచ్చి తెర మీదికి వంగాడు. "ఎనిమిది చీరలమ్మా! ఇంటిల్లిపాది చాకిరీ మట్టిల కలుస్తుండె."

వెళుతూ గుమ్మంలో ఆగి అన్నాడు. "గా అలిగినదాన్నే ఉంచుండ్రి అమ్మా. అది అలిగినందుకే నా పడుగు దక్కింది."

దాన్నే ఉంచాను. అప్పటినుంచి ఏ లైబ్రరీ చేతికొచ్చినా దాని వేగం సంగతి తరువాత. ముందు తీగ పీకి, అది నాతో ఏమంటుందో వింటాను.